టుస్సాన్ చేసిన ట్రిగ్గర్

లీజ్ పట్నం దగ్గరి లోయలో ఏ రివాల్వరూ ఒక్క ఇంట్లో తయారవదు. ఒకరింట్లో గొట్టం, ఒకరింట్లో తూటాని కొట్టే సుత్తి, ఇంకొకరింట్లో పిడి. టుస్సాన్ బుద్ధెరిగినప్పటి నుంచీ చేసింది జేబుకి తగులుకోకుండా మడతపడే ట్రిగ్గర్ ఒక్కటే. పూర్తయిన రివాల్వర్ని పట్టుకున్న పాపాన పోలేదు.

టుస్సాన్ ముసలాడై పని మానేస్తున్నాడని, ఈ ముక్కలన్నీ కొని రివాల్వర్లు కూర్పించే షావుకారు కొత్త రివాల్వర్ ఒకటి బహుమతిగా పంపాడు. ఇరుగుపొరుగంతా వంటింట్లో మూగారు. టుస్సాన్ కళ్ళద్దాలు సర్దుకుని వంకలు పెట్టడం మొదలెట్టాడు.

"ఒరే లాంబేర్, ఈ సుత్తి నీదేగా? ఆ వంకర చూడు. మంగళవారం చేసుంటావు."

అక్కడ సోమవారం ఎవరూ పని ముట్టరు, తాగుతారు. మంగళవారం అందరి చేతులూ వణుకుతాయి.

"ఈ పిడి కూడా మంగళవారందే," అన్నాడు. అది చెక్కింది టుస్సాన్ భార్య ఓడాయే. ఆవిడ మూతి తిప్పుకుంది.

"సరేలే మావా, నీ ట్రిగ్గర్ మడత విప్పు, అదీ చూద్దాం," అన్నాడు లాంబేర్.

టుస్సాన్ గోరుతో లాగాడు. రాలేదు. బొటనవేలు పెట్టి గుంజాడు. అయినా కదల్లేదు.

ఓడా కాఫీ పోస్తూ నింపాదిగా అడిగింది. "ఏమయ్యా, ఇది ఏ వారం చేసిందంటావు?"