పట్నం లారీకి రేగుకొమ్మ

మెదక్ పశువుల దవాఖానలో నేను కాంపౌండర్‌గా ఉన్నప్పుడు, పాపన్నపేట వైపు నుంచి ఒక మేకల అవ్వ వచ్చేది. చెవికి బిళ్ల, మా దవాఖాన చీటీ లేనిదే మేకను పట్నం లారీ ఎక్కనివ్వని రోజులవి. నేను బిళ్ల గుచ్చగానే ఆమె వంగి ఆ చెవి మీద ఉఫ్‌మని ఊదేది.

ఒకసారి, తప్పిపోయి అడవిలోనే పెరిగిన మేకను పట్టి అమ్మడానికి తెచ్చింది. మందలో నిలవడం లేదట.

"గీ బిళ్లతోని ఏమైతది బిడ్డా?"

"మేక యాడున్నా జాడ తెలుస్తదవ్వా" అన్నాను, రూలు తేలిగ్గా చెబుదామని.

అప్పటి నుంచి ప్రతి సంతకూ వచ్చి "దాని జాడ తెల్సిందా?" అని అడిగేది. "పట్నంల ఉన్నదవ్వా" అనేవాణ్ని. కోతకు పోయిందని ఆమెకు తెలియదా? మేకలమ్మి బతికిన మనిషి!

తెలంగాణ బందుతో బస్సులూ లారీలూ ఆగిన రోజు కూడా నడిచి వచ్చింది. కొంగు విప్పి, పచ్చి రేగుకొమ్మ ఒకటి నా బల్ల మీద పెట్టింది.

"గిదంటే దానికి పానం. లారీలు నడిచినంక పంపియ్యి బిడ్డా."

లారీలు నడిచాయి. ఆమె మళ్లీ రాలేదు. సంతనాడు తలుపు చప్పుడైతే చాలు, "పట్నంల ఉన్నదవ్వా" అనే మాట ఇప్పటికీ నా నోటిదాకా వస్తుంది.