పలక రెండో వైపు

ఆ ఉదయం చోడవరంలో దేవరాపల్లి వెళ్ళే ఆటో ఎక్కుతుండగా ఫోన్ మోగింది. మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆయా. "అమ్మా, పెద్ద టీచరు గారు అయిపోయేరమ్మా. తెల్లారగట్ల గుండెల్లో నొప్పన్నారంట. ఆస్పత్రికి తీసుకెల్లే లోపే..." అంటూ ఏడ్చింది. ఆటో వెళ్ళిపోయింది. నేను రోడ్డు మీదే నిలబడిపోయాను. 'అయిపోయింది' అన్న మాట ఆవిడకి గిట్టదు. బడిలో ఆవిడ వద్దన్న మాట అదొక్కటే. చివరికి ఆవిడ కబురు ఆ మాటతోనే వచ్చింది.

మాది రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉన్న బడి. చుట్టూ చెరకు తోటలు. పిల్లలకి ఆవిడ పెద్ద టీచరు, నేను చిన్న టీచరు. మూడు, నాలుగు, ఐదు తరగతులు ఆవిడ గదిలో ఒకే చాప మీద కూర్చునేవి. లెక్క ఇచ్చిందే తడవు జవాబు చెప్పేసే పిల్లలూ, ఇంకా వేళ్ళు మడుచుకునే పిల్లలూ పక్కపక్కనే. అందరికీ కలిపి లెక్కలు చెప్పడమంటే ఒకే పొయ్యి మీద పప్పూ పాలూ పెట్టడమే. ఒకటి ఉడకదు, ఇంకోటి పొంగిపోతుంది.

ఒకరోజు ఐదో తరగతి గుంటడొకడు అందరికంటే ముందు "అయిపోయింది టీచర్!" అని అరిచాడు. ఆ అరుపు వినగానే నలుగురైదుగురు బలపాలు కింద పెట్టేశారు. వాడు చేసేశాక ఇంక మనమెందుకు అనుకున్నారు కాబోలు. సరిగ్గా అప్పుడే ఆయా ఖాళీ డబ్బా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, "టీచరు గారూ, బియ్యం నిండుకున్నాయండి" అంది. పెద్ద టీచరు పకపకా నవ్వారు.

"సూసేవురా? ఖాళీ డబ్బా పట్టుకుని ఆయా నిండుకుంది అంటంది. పలక నిండా లెక్క ఎట్టుకుని నువ్వు అయిపోయింది అంటావేటి?"

ఆ రోజు నుంచి ఆ గదిలో లెక్క నిండుకోవడమే తప్ప అయిపోవడం లేదు. చేసినవాళ్ళు "నిండుకుంది" అని మెల్లిగా చెప్పి పలక తిప్పాలి. రెండో వైపు, అదే జవాబు వచ్చేలా సొంతంగా ఇంకో లెక్క కట్టాలి. ఆ వెనక లెక్కని పెద్ద టీచరే చేసేవారు. కావాలనే ఎక్కడో ఒకచోట తప్పేవారు. పిల్లలు పట్టుకుంటే "అమ్మో, దొరికిపోయేను" అని నోటి మీద వేలేసుకునేవారు. లెక్క ముందే చేసేసినవాడికి ఇంకో పని దొరికింది, చెయ్యనివాడికి కాస్త నిశ్శబ్దం దొరికింది.

ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అయినా కుర్చీలో ఎప్పుడూ ఆవిడ హ్యాండ్‌బ్యాగే కూర్చునేది, ఆవిడ మాత్రం చాప మీద. నాకేమో తొందరెక్కువ. పక్క గదిలో నేను గబగబా చెప్పుకుపోతుంటే గుమ్మంలోకి వచ్చి, "చిన్న టీచరూ, ఇది బస్సు కాదమ్మా, క్లాసు. ఎక్కనోల్ని వదిలేసి పోకూడదు" అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ గుమ్మం వైపు చూడాలంటే భయంగా ఉంది.

ఆవిడ బస్సు ఇంకా ఎక్కని పిల్ల పైడితల్లి. నాలుగో తరగతి. యాభై రెండులోంచి ఇరవై ఐదు తియ్యమంటే ముప్పై మూడు అని రాసేది. "రెండులోంచి ఐదు పోదు కదా టీచర్, అందుకే ఐదులోంచి రెండు తీసేసేను" అనేది, ఎంతో న్యాయంగా. పెద్ద టీచరు చీపురు పుల్లల్ని పదేసి చొప్పున పురికొసతో కట్టలు కట్టారు. చెరకు కొట్టే ఇంటి పిల్ల కదా, వాటికి మోపులని పేరు పెట్టారు. "పుల్లలు సాలకపోతే ఏటి సేస్తాం? మోపు ఇప్పుతాం" అని రోజూ చెప్పేవారు. పైడితల్లి తలూపేది. మళ్ళీ ముప్పై మూడే రాసేది. దాని పలకకి రెండో వైపు ఉందన్న సంగతే ఎవరికీ తెలీదు.

వాళ్ళ నాన్న ఓసారి బడికొచ్చి, "దీనికి లెక్కలు రావు గానీ, మాతో తోటకి పంపీండి టీచరమ్మా" అన్నాడు. పెద్ద టీచరు చెయ్యి అడ్డం పెట్టారు. "ఈ ఏడు నాకొదిలెయ్యి బాబూ. దీని సేత పలక తిప్పిస్తాను." ఆ ఏడు ఇంకా గడవనే లేదు.

ఆవిడ పోయాక మళ్ళీ బడి తెరిచిన రోజు రెండు గదుల పిల్లల్నీ ఆవిడ చాప మీదే కూర్చోబెట్టాను. బోర్డు మీద ఆ యాభై రెండు లెక్కే రాశాను. ఒక్కొక్క పలకా తిరిగింది. "నిండుకుంది టీచర్" అని గొణిగినట్టు చెప్పారు. పైడితల్లి మాత్రం ఐదు మోపులూ రెండు పుల్లలూ ముందు పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఆయా భోజనం బెల్లు కొట్టింది. ఒక్కరూ లేవలేదు.

చాలాసేపటికి అది ఒక మోపు అందుకుని ముడి లాగింది. తీసింది, లెక్కపెట్టింది, ఇరవై ఏడు అని రాసింది. పలక తిప్పి, వంకర అక్షరాలతో రాసుకుపోయింది. మా నాన్న ముప్పై మోపులు కట్టేడు. మూడు లారీ ఎక్కలేదు. ఎన్ని ఎక్కేయి?

పలక నా వైపు తోసి అడిగింది. "ఎనక లెక్క ఇప్పుడెవులు సేస్తారు టీచర్?"

నేను చాప మీద కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళకి అంకెలు అలుక్కుపోయాయి. ముప్పైలోంచి మూడు తీసి, ముప్పై మూడు అని రాసేశాను. కావాలని కాదు.

"టీచర్, మోపు ఇప్పలేదు మీరు" అంది పైడితల్లి.

బొటనవేలితో నా అంకె చెరిపేసింది. పక్కనున్న కట్ట ఒకటి తీసుకుని, పురికొస పంటితో లాగి, పుల్లలన్నీ నా ఒళ్ళో పోసింది.