ఫ్యాన్ రెక్కల మీద నా పేరు

ఈ రోజు గుణదలలో ఆడపిల్లల హాస్టల్‌కి, రెక్కల మీద నా పేరు రాయించిన ఫ్యాన్ ఇచ్చి, కానుకల గురించి గంటసేపు గర్జించాను. ఇంతలో చేపలమ్ముకునే మరియమ్మ సంచితో వచ్చింది. పిల్లలంతా నన్ను వదిలేసి "అత్తా!" అంటూ ఆమెను చుట్టుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఏం తెచ్చావమ్మా అంత గొప్పగా?" అన్నాను.

"ప్యాడ్లేనండీ అయ్యగారూ. నెలనెలా తెస్తానండీ. మిమ్మల్ని అడగలేరు కదా పాపం!"

తలెత్తి చూశాను. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది, నా పేరులో ఒక్క అక్షరమూ కనబడలేదు.

బైబిల్లో, తనకున్న రెండు కాసులూ కానుకపెట్టెలో వేసి, ధనవంతులకంటే ఎక్కువిచ్చిందని యేసు మెచ్చుకున్న పేద విధవరాలి మీద పాస్టరుగా ఇరవై ఏళ్లుగా ప్రసంగిస్తున్నాను. ఆమెకంటే ముందు ఘనంగా వేసినవాళ్ల కడుపుమంట మాత్రం ఇవాళే అర్థమైంది. మీకెప్పుడైనా ఇలా మండిందా? దేవుడు చూస్తున్నాడు, నిజం చెప్పండి.