తూటా బయటికి రాని గొట్టం

ఈ జ్ఞాపకంలో ఒక రైఫిల్ ఉంది. భయపడకండి, అది చివరిదాకా పేలదు. నిజానికి అది కంప్యూటర్‌లో చేసిన బొమ్మ. అయినా దాని దెబ్బకి నిక్షేపంలాంటి ఒక టీమ్ కుప్పకూలింది, నాకు బతుకుతెరువు చూపించిన మనిషి ఉద్యోగం పోయింది. ఆ బొమ్మ చేసిన మేధావిని నేనే. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు సగంలోనే ఆగిపోతుంది.

హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగులో మా ఆఫీసు. శిక్షణ ఇచ్చే సంస్థలకి త్రీడీ బొమ్మలు, వీడియోలు చేసిపెట్టేవాళ్లం. అమలాపురం నుంచి వచ్చి, మూసాపేటలో గది తీసుకుని, ఆఫీసుల గేట్ల దగ్గర సెక్యూరిటీ వాళ్లందరికీ ముఖపరిచయమైపోయిన నన్ను స్వప్నక్క తన టీమ్‌లోకి తీసుకుంది. ఆవిడ మా లీడ్. చందానగర్ మనిషి. ఈ కుర్రాడికి అనుభవం లేదు కదా అని పైవాళ్లు సణిగితే, వాడి పూచీ నాది అందట. పాపం, ఎవరి పూచీ తీసుకుంటున్నదో ఆవిడకి తెలియదు.

ఆ వర్షాకాలం మా టీమ్ జాతకం బాగాలేదు. చేతిలోని పనులన్నీ జారిపోయి ఒక్కటే మిగిలింది. రైఫిల్ షూటింగ్ పోటీలకి పిల్లల్ని తయారుచేసే ఒక సంస్థ, గొట్టం లోపల ఏం జరుగుతుందో చూపించే వీడియో అడిగింది. నచ్చితే వాళ్ల పనంతా మాకే. నచ్చకపోతే టీమ్ ఎత్తేస్తామని మేనేజర్ ముందే చెప్పేశాడు. అంత ముఖ్యమైన గొట్టాన్ని స్వప్నక్క నా చేతిలో పెట్టింది.

నేను కూర్చుని చదివాను. శుభ్రంగా అర్థమైంది. వచ్చిన చిక్కంతా అక్కడే.

రైఫిల్ గొట్టం లోపల నున్నగా ఉండదండీ. ఈ కొస నుంచి ఆ కొస దాకా మెలి తిరుగుతూ గాట్లు ఉంటాయి. గాటుకీ గాటుకీ మధ్య మిగిలిన గట్లు తూటా ఒంట్లోకి కొంచెం దిగి, దాన్ని పట్టుకుని తిప్పుతాయి. అలా గిర్రున తిరుగుతూ బయటపడ్డ తూటా గాలిలో పల్టీలు కొట్టదు, ముక్కు ముందుకే పెట్టుకుని పోతుంది. తిరిగినంతసేపూ బొంగరం పడిపోకుండా నిలబడుతుంది చూడండి, అలాగ. దీన్నే రైఫ్లింగ్ అంటారు.

ఎంత బాగా చెప్పానో చూశారా? ఆ వారమంతా నాకిదే పని. లిఫ్టులో చెప్పాను. చాయ్ బండి దగ్గర చెప్పాను. నీళ్ల మోటారు ఆపడానికి పైకొచ్చిన ఇంటి ఓనరమ్మని మెట్ల మీదే నిలబెట్టి చెప్పాను. ఆవిడ తల పట్టుకుని, మోటారు సంగతి మర్చిపోయి కిందికి వెళ్లిపోయింది. ట్యాంకు పొంగి బిల్డింగంతా తడిసింది.

ఇక చేయడం. మా పనిలో ఒక అలవాటుంది. మనిషి ముఖం చేయాలంటే సగమే చేస్తాం. ఒక కన్ను, ఒక చెవి, అర ముక్కు. రెండో సగాన్ని కంప్యూటరే అద్దంలోలాగా తిప్పి పక్కన అతికిస్తుంది. దీన్ని మిర్రర్ కొట్టడం అంటాం. కారైనా కుర్చీ అయినా అంతే, సగం కష్టం తప్పుతుంది. చేతికి ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, గొట్టాన్ని కూడా నిలువునా సగమే చేసి, గాట్లు శ్రద్ధగా మెలితిప్పి, టక్కున మిర్రర్ కొట్టేశాను. గొట్టం గుండ్రంగా కుదిరింది. వెలుగు పెట్టి మెరిపించాను. నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

"లోపల ఒకసారి మంచిగ చూసినవా? మళ్ల ఆ సంస్థ సార్ ముంగట పరేషాన్ కావద్దు," అంది స్వప్నక్క.

చూశానని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవచ్చు కదా? రైఫ్లింగ్ అంటే ఏమిటో ఆవిడకి మళ్లీ మొదటినుంచి చెప్పాను. ఇంత తెలిసినవాడు తప్పెందుకు చేస్తాడనుకుని ఆవిడ కూడా చూడలేదు.

వీడియో చూడడానికి ఆ సంస్థ పెద్ద కోచ్ నర్సింగరావు గారు స్వయంగా వచ్చారు. బయట వాన, కింద రోడ్డు మీద కదలని కార్లు. టీమంతా గోడకి ఆనుకుని నిలబడ్డాం. వీడియో సగంలో ఉండగా ఆయన చెయ్యెత్తారు.

"బాబూ, జర ఆపు. ఈడ ఏం జరుగుతున్నదో చెప్పు."

ఆహా, నన్ను అడగాలే గానీ! పెన్ను తిప్పి చూపిస్తూ మొత్తం చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నారు.

"మంచిగ చెప్పినవ్. ఇగ ఎడమ పక్క గాట్లు చూడు. తూటాను ఎటు తిప్పుతయి?"

"కుడికండీ."

"కుడి పక్కవి?"

"ఎడమకండీ." బుర్ర కంటే ముందు నోరు చెప్పేసింది.

"మరి తూటా ఎటు తిరగాలె?"

అప్పుడు చూశాను. అద్దంలో కుడి ఎడమైనట్టే మెలి కూడా తిరగబడుతుంది. నా రెండు సగాలూ తూటాని చెరో వైపు లాగుతున్నాయి. గాట్లు కలిసిన చోట అచ్చం చేప వెన్నుముల్లు. అక్కడితో నోరు మూసుకుంటే నేను నేనెందుకవుతాను?

"ఇది కొత్త డిజైన్ అండీ," అన్నాను.

స్వప్నక్క కళ్లు మూసుకుంది. నర్సింగరావు గారు నవ్వలేదు. "గిది పేలిస్తె తూటా నడుమనే ఇరుక్కుంటది. గొట్టం పగుల్తది. గురి పెట్టినోడే దవాఖానకు పోతడు. నా పిల్లలకు చూపెట్టేది గిదేనా?"

అప్పుడు స్వప్నక్క ఒక అడుగు ముందుకి వేసింది. "చెక్ చెయ్యాల్సింది నేను సార్. తప్పు నాది."

వారమంతా విశ్రాంతి ఎరగని నా నోరు ఆ క్షణంలో పెగల్లేదు. కాదండీ నాది అనడానికి ఎంతసేపు పడుతుంది? భయమేసింది. అంతే, ఇంకే సాకూ లేదు.

ఆ పని పోయింది. టీమ్ ఎత్తేశారు. మిగిలినవాళ్లని అక్కడా ఇక్కడా సర్దారు, స్వప్నక్కని మాత్రం రాజీనామా చేయమన్నారు. వెళ్లేరోజు పార్కింగులో స్కూటీ తీస్తుంటే పరుగెత్తుకెళ్లాను.

"అక్కా, ఆ రోజు నేను చెప్పాల్సింది."

ఆవిడ హెల్మెట్ పెట్టుకుంటూ అంది. "వారమంత చెప్తనే ఉంటివి. చెప్పాల్సిన కాడనే చెప్పలే." కోపంగా కూడా అనలేదు. వానలోనే వెళ్లిపోయింది.

మర్నాడు తెగించి మేనేజర్ గదిలోకి వెళ్లాను. గొట్టం తప్పు పూర్తిగా నాదేనని, స్వప్నక్కని వెనక్కి పిలవమని చెప్పాను. ఆయన నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. బొమ్మ తప్పే గానీ ఆ కుర్రాడు చెప్పే పద్ధతి బాగుందని కోచ్ గారు మెచ్చుకున్నారట. పైగా లీడ్ తప్పుని నా నెత్తిన వేసుకుంటున్నానే, ఆ వినయం ఈ రోజుల్లో ఎవరికుందని మురిసిపోయాడు. కాదు మొర్రో అన్నకొద్దీ నా వినయం పెరిగింది. చివరికి కొత్తగా చేరేవాళ్లకి పాఠాలు చెప్పే పని ఇచ్చాడు. మొదటి పాఠం: చేసిన పనిలో తప్పులు మనమే పట్టుకోవడం ఎలా.

అందుకే పెద్దలందరి సమక్షంలో ఒట్టేస్తున్నాను. బొందిలో ప్రాణం ఉండగా ఇంకెవరికీ ఏదీ బాగా అర్థమయ్యేలా చెప్పను. రైఫ్లింగ్ మీకిప్పటికే అర్థమైపోయి ఉంటే, ఒట్టు తీసి గట్టు మీద పెట్టేసినట్టే.