దొర కారు డిక్కీలో గని దీపం

గోదావరిఖనిలో నా ఈడు వాళ్ళు ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు, మేనేజర్ దొర కారులో చచ్చిపోయిన ఏసీని బతికించింది నేనేనని. అందులో సగం నిజం. మిగతా సగాన్ని నేనే పుట్టించి ఇన్నేళ్ళుగా మేపుతూ వచ్చాను.

ఆ కారు అమెరికాది. హైదరాబాదులో ఎవరో నవాబు వారసులు అమ్ముకుంటుంటే దొర కొన్నాడు. మా రోడ్ల మీద అది పడవలా ఊగుతూ వస్తుంటే ఎదురొచ్చిన ఎడ్లబండి పొలంలోకి దిగాల్సిందే. ఏసీ యంత్రం డిక్కీలో ఉండేది. అక్కడి నుంచి రెండు గొట్టాలు వెనక సీటు మీదికి వచ్చి, కూర్చున్నవాళ్ళ మెడ మీద గాలి ఊదేవి. వేడిగాలి. ఎండాకాలం ఆ కారులోంచి దిగే దొర ఉడికించి తొక్క తీసిన చామగడ్డలా ఉండేవాడు.

నేను అప్పుడు గని లోపల పంపుల ఫిట్టర్ని. మోకాళ్ళ లోతు నీళ్ళలో డ్యూటీ. దొర నన్ను పిలిచి, "ఏసీ నడిపించు, నిన్ను పైన వర్కుషాపులో వేస్తాను" అన్నాడు. అంతవరకు నేను ఏసీ అనేదాన్ని చూసి ఎరగను. "రెండు రోజుల పని సార్" అన్నాను.

పట్టేసిన కంప్రెసర్ విప్పి, కడిగి, బేరింగు మార్చాను. మా పంపు బెల్టుల్లో సరిపోయేది ఒకటి దానికి తగిలించాను. చిల్లులు పడ్డ గాలి గొట్టాలకి, గనిలో గాలిని మళ్ళించడానికి కట్టే తారు గోనెగుడ్డ చుట్టాను. మంచిర్యాల నుంచి ఫ్రిజ్‌లు బాగుచేసే అతన్ని రప్పించి గ్యాసు ఎక్కించాం. ఆ పూట దొర కోటు వేసుకుని, అద్దాలన్నీ ఎత్తి, భార్యని పక్కన కూర్చోబెట్టుకుని బజారు చుట్టూ నాలుగు చక్కర్లు కొట్టాడు. తారు కంపుకి ఆమె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటే జనం సిగ్గనుకున్నారు.

తెల్లారేసరికి గ్యాసు లేదు. మళ్ళీ ఎక్కించాం, మళ్ళీ పోయింది. సబ్బు నురగ పూసి చూస్తే ఎక్కడా బుడగ రాలేదు. దొర నన్ను చూసే చూపు మారింది.

అప్పుడు దీపాల గదిలో పనిచేసే ఆయన దగ్గరికి వెళ్ళాను; అందరం ఆయన్ని కాక అనేవాళ్ళం, అంటే చిన్నాన్న. బొగ్గుపెళ్ళ పడి ఒక కాలు వంకరపోతే కంపెనీ ఆయనకి పైన ఆ పని ఇచ్చింది. గనిలోకి దిగేవాడు తన ఇత్తడి బిళ్ళ ఇస్తే కాక దీపం ఇచ్చి, ఆ బిళ్ళని దీపం చోట మేకుకి తగిలించేవాడు. షిఫ్టు అయ్యాక మేకుకి బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. కాక లెక్క ఒక్కనాడూ తప్పలేదు.

"ఏందిరా కొడుకా, దొర ఇంక ఉడుకుతనే ఉన్నడా?"

"గ్యాసు యాడ కారుతుందో దొరుకుతలేదు కాకా."

"దవాఖాన ఫ్రిజ్ చెయ్యనీకి వచ్చినోడు మంటల రాగితీగ పెట్టి చూసిండు. గ్యాసు తాకితే మంట ఆకుపచ్చగైతది. సదువు నీది, అకల్ నాది."

చెడుగాలిని కనిపెట్టడానికి సర్దార్లు, అంటే గని మేస్త్రీలు, లోపలికి పట్టుకెళ్ళే మంటదీపం ఒకటి తీసి, తాళం విప్పి, వత్తికి రాగితీగ చుట్టాడు. దీపం గని గేటు దాటకూడదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"బిళ్ళ పెట్టు. బిళ్ళ లేకుంటె మా అయ్యకు గూడ దీపం ఇయ్య. షిఫ్టు దిగేలోపు తేవాలె, సమజైందా?"

బిళ్ళ ఇచ్చి, దీపాన్ని సంచిలో దాచుకుని దొర బంగళాకి పోయాను. డిక్కీలో ఒక గొట్టం వెనక, చెయ్యి కూడా దూరని చోట, మంట ఆకుపచ్చగా మారింది. ఆ పొగకి ముక్కు మండిపోయి దగ్గుతూనే నవ్వాను. అతుకు వేసి గ్యాసు ఎక్కించాను. కారు చల్లబడింది. దొర మురిసిపోయి, "ఎక్కు, రామగుండం స్టేషను దాకా పోయొద్దాం" అన్నాడు. ఎక్కాను. దీపం డిక్కీలోనే ఉంది. షిఫ్టు సంగతి నాకు గుర్తే లేదు.

తిరిగి వచ్చేసరికి గని దగ్గర సైరను మోగుతోంది. మేకుకి నా బిళ్ళ మిగిలింది. ఆరుగురు లోపలికి దిగి, పంపుల దగ్గర నీళ్ళలో గడకర్రలతో నా శవాన్ని వెతుకుతున్నారు. మా అమ్మ బొగ్గుపొడిలో కూర్చుని గుండెలు బాదుకుంటోంది. ఆ గుంపులోకి నేను దొర కారులోంచి దిగాను, ఒంటి మీద చెమటచుక్క లేకుండా. అమ్మ ముందు కావలించుకుంది, తర్వాత చెప్పు తీసింది.

"దీపం ఏది?" అని దొర అందరికీ వినబడేలా అడిగాడు. ఎక్కడుందో ఆయనకి తెలుసు.

"పొద్దుగాలనే కాకకు ఇచ్చిన సార్. బిళ్ళ తీసుడు మరిచినట్టున్నడు."

కాక దీపాల వరస వైపు చూశాడు. అక్కడ ఒక చోటు ఖాళీగా ఉంది. ఇంకెవరూ అటు చూడలేదు. నిజం చెబితే దీపం గేటు దాటించినందుకు ఆయన ఉద్యోగమే పోతుంది. మేకుకున్న నా బిళ్ళ తీసి నా చేతిలో పెట్టాడు.

మతిమరుపు మనిషి దీపాల గదికి పనికిరాడన్నారు. గనిలో గాలి తలుపు తీసి మూసే పనికి వేశారు. ఆ కాలుతో రోజూ ఏటవాలు బాట దిగి, ఎక్కేవాడు. అదే నెలలో నేను పైన వర్కుషాపులో చేరాను. జనం ఆయనకి 'మరుపు కాక' అని పేరు పెట్టారు. చర్చిలో ప్రార్థనకి లేస్తే కూడా వెనక నుంచి ఎవడో ఒకడు, "ఆమెన్ చెప్పుడు మరువకు కాకా" అనేవాడు. నేనూ నవ్వినవాళ్ళలో ఉన్నాను.

మొన్నామధ్య బెల్లంపల్లి వెళ్ళాను. కాక పింఛను తీసుకుని అక్కడ ఉంటున్నాడు. మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను.

"నాకెందుకు చెప్తున్నవ్‌రా? దీపం ఇచ్చినోన్ని నేనే గద. నాకెరుక లేదా?"

"కొత్త ముచ్చట తెచ్చిండేమోనని చాయ్ పెట్టిన. పాతదేనాయె" అంది కాక భార్య చిన్నమ్మ, గ్లాసు నా ముందు ఠక్కున పెడుతూ.

"మాఫ్ చెయ్ కాకా."

"అది తర్వాత చూద్దాం. ఎరుకలేనోళ్ళకు చెప్పు పో. ఖనిల ఇంక మస్తుమంది ఉన్నరు."

తిరిగొచ్చి మా చాయ్ హోటల్లో చెప్పాను. ఎవరూ నమ్మలేదు. "ముసలాయన మీద జాలితోని నెత్తినేసుకుంటున్నవ్, నువ్వు మంచోనివన్నా" అని నా చాయ్ పైసలు కూడా వాళ్ళే ఇచ్చారు.

అందుకని రాస్తున్నాను. దీపం నేను తిరిగి ఇవ్వలేదు. ఆ సాయంత్రం అది దొర కారు డిక్కీలో ఉంది. ఒక దీపం రాలేదు, ఒక బిళ్ళ మిగిలింది. కాక లెక్క సరిగ్గానే ఉంది.