గొర్రెపిల్లల దొడ్డికి తాళం

తాళాలు విప్పి చూడటం నా పిచ్చి. మార్కాపురంలో పాత సామాన్ల దుకాణాలు తిరిగి, తాళంచెవులు పోయిన తాళాలు ఏరి తెచ్చుకుంటాను. సెలవు రోజున బల్ల ముందు కూర్చుని, సన్నటి కమ్మీతో లోపలి పిన్నులను ఒక్కొక్కటే తడుముతుంటాను. అవన్నీ సరైన ఎత్తుకు లేస్తేనే తాళం తిరుగుతుంది. వెంట్రుకవాసి తేడా ఉన్నా మొండికేస్తుంది. బలం చూపించామా, ఇంకా బిగుసుకుంటుంది. అరచేతిలో పట్టే ఇనప ముక్కలో ఎవరో ఇంత ఆలోచన దాచిపెట్టారే అన్న ఆశ్చర్యం నాకు ఇప్పటికీ తీరలేదు. మా ఆవిడ మాత్రం, "ఈ కష్టమేదో దొంగతనంలో పడరాదా, ఇంటికి ఏమన్నా వస్తది" అంటుంది.

ఒకరోజు పెద్దారవీడు పక్క పల్లె నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. వాళ్లది గొర్రెలు మేపుకునే ఇల్లు. పగలు మామ తల్లిగొర్రెలను అడవి అంచుకు తోలుకుపోతాడు. అంతదూరం నడవలేని గొర్రెపిల్లలను రాతిగోడల దొడ్డిలో పెట్టి తలుపుకు తాళం వేస్తారు.

"తాళం ఏసింది ఏసినట్లే ఉంది. ఒక పిల్ల పోయింది. ఏందిరా నాయనా ఇది?" అంది.

మరుసటి ఆదివారం పోయాను. ఆ తాళం సందులో రేకుముక్క దూర్చి, అత్త కొంగు సర్దుకునేలోపు తెరిచి చూపించాను. ఆమె ముఖం పాలిపోయింది.

దానికి బదులు నేను బాగుచేసిన తాళం ఇచ్చాను. లోపలి మామూలు పిన్నులు తీసేసి, నడుము దగ్గర సన్నగా అరగదీసినవి వేశాను. దొంగచాటుగా తెరవబోయేవాడికి వచ్చేసినట్లే అనిపించి, అవి మధ్యలో పట్టేస్తాయి. ఈ సంగతంతా గొప్పగా చెప్పుకుపోతున్నాను గానీ, అత్త వినటం లేదు. ఒళ్లో ఒక గొర్రెపిల్ల మెడ వాల్చి పడుకుని ఉంది. దాని తల్లి పాము కరిచి చచ్చిపోయిందట. సీసాపాలు ముట్టటం లేదు.

"పిల్ల పోయిన గొర్రె ఉంది గదా, దాని పొదుగు పాలతో గట్టిపడి ఉంది. అది ఒప్పుకుంటే ఇది బతుకుతది. ఇది దగ్గరికి పోతే కుమ్ముతుండాది" అంది.

పొద్దు వాలాక మంద వచ్చింది. తలుపు తీయగానే పిల్లలన్నీ అరుచుకుంటూ మందలోకి దూరాయి. అంత దుమ్ములో, అంత గోలలో ప్రతి పిల్లా తన తల్లినే వెతుక్కుంది. ప్రతి తల్లీ తోక వాసన చూసి తన పిల్లకే పాలిచ్చింది, పరాయిదాన్ని కాలితో తోసేసింది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ రోజే నిజంగా చూశాను. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

పిల్ల పోయిన గొర్రె ఒక్కటే దొడ్డి వాకిట్లో నిలబడి లోపలికి అరుస్తోంది.

అత్త దాని పాలే పిండి, తల్లిలేని పిల్ల తలకూ తోకకూ పూసింది. వీపు మీద ఉప్పు చల్లింది. మామ గొర్రె మెడ పట్టుకోబోయాడు.

"వదిలిపెట్టు. బలవంతం చేస్తే ఇంగ ఎప్పటికీ రానియ్యదు" అంది అత్త.

పిల్లను దాని ముందు నిలబెట్టి పక్కనే చతికిలబడింది. గొర్రె వాసన చూసి కుమ్మింది. పిల్ల పడిపోయింది. అత్త లేపి, కాస్త పక్కకు తిప్పి మళ్లీ నిలబెట్టింది. మళ్లీ కుమ్మింది, ఈసారి మెల్లగా. తర్వాత ఉప్పు నాకింది. ఆగింది. తోక వాసన చూసింది. మళ్లీ నాకింది. నా వేళ్లు కమ్మీ పట్టుకున్నట్లే బిగుసుకుని ఉన్నాయి. ఊపిరి గట్టిగా తీస్తే చెడిపోతుందేమోనని భయం వేసింది.

అప్పుడు గొర్రె గొంతులోంచి సన్నగా ఒక మూలుగు వచ్చింది. సొంత పిల్లను పిలిచే మూలుగు అది. పిల్ల పొదుగులోకి తల దూర్చింది. తోక గబగబా ఊగింది. అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇన్నేళ్లలో ఎన్నో తాళాలు తెరిచాను గానీ, అంత గొప్పగా ఏదీ నా కళ్లముందు తెరుచుకోలేదు.

తెల్లవారి మంద మేతకు కదిలింది. ఆ గొర్రె అన్నిటికన్నా వెనకబడి, దొడ్డి వైపు తిరిగి అరిచింది. లోపలి నుంచి పిల్ల బదులు పలికింది. అత్త కొత్త తాళం వేసి, గట్టిగా లాగి చూసింది. నిన్నంతా పట్టించుకోని మనిషి ఇప్పుడు నా ముఖంలోకి చూస్తూ అడిగింది.

"దీన్ని తెరవటం ఎవురివల్లా కాదు గదా?"

"ఎవరివల్లా కాదని చెప్పలేను అత్తా. చేసిన నాకే చెవి లేకుండా తెరవటానికి ఒక పగలంతా పట్టింది."

"అది చాల్లే నాయనా. పొద్దుగూకేలోపల వాళ్లమ్మ వస్తది."