చిన్నాన్న ఎదురుచూసిన విమానం

సర్రేలో మా వీధి చివరి డ్రైక్లీనింగ్ షాపు ముందునుంచి నడిచినప్పుడల్లా, తలుపు సందులోంచి తన్నుకొచ్చే ఆవిరీ, వేడెక్కిన గంజి వాసనా ముక్కుకు తగిలి నా కాళ్ళు ఆగిపోతాయి. డెబ్భై దాటినదాన్ని, చేతిలో కూరగాయల సంచీతో కెనడా చలిలో నిలబడి ఉంటాను గానీ, మనసు మాత్రం ఫిజీలో, నాండీ విమానాశ్రయం వెనక చెరకుతోటల మధ్య ఉన్న మా రేకుల ఇంట్లో ఉంటుంది.

మా తాతను విశాఖపట్నం వైపు నుంచి కూలీల ఓడలో తెచ్చారు. ఆయనతోపాటు వచ్చిన తెలుగు మా ఇంట్లో మిగిలింది. నేను పుట్టేనాటికి రెండో ప్రపంచయుద్ధం ముగిసి, అక్కడ దిగిన అమెరికా సైన్యం వెళ్ళిపోయి ఏడెనిమిదేళ్ళయింది. కానీ వాళ్ళు వదిలేసిన సామాను మధ్యనే మేం పెరిగాం. రన్‌వే కోసం పరిచిన చిల్లుల ఇనప పలకలు మా దొడ్డికి కంచె అయ్యాయి, తూటాల పెట్టె నానమ్మ బియ్యం డబ్బా అయ్యింది, సగానికి కోసిన పీపాలాంటి రేకుల షెడ్డు మా బడి అయ్యింది. అందులో ఎండాకాలం ఒళ్ళు ఉడికిపోయేది, వాన వస్తే టీచరమ్మ గొంతు వినపడేది కాదు. జీపు చక్రాల్లోంచి ఊడదీసిన ఇనప గోళీలతో ఆడుకునేవాళ్ళం. చెరకు కొట్టే రోజుల్లో కాలిన ఆకుల మసి ఆరేసిన బట్టలమీద రాలేది, గాలంతా మడ్డి బెల్లం వాసన వేసేది. ఆ రోజుల్లోనే నానమ్మ కొత్త బెల్లంతో బూరెలు వండి, మొదటిది మా చిన్నాన్న చేతిలో పెట్టేది.

చిన్నాన్న పేరు అప్పన్న. పెళ్ళి చేసుకోలేదు. యుద్ధం రోజుల్లో అమెరికా క్యాంపులో బట్టలుతికి, కర్రపెండలం గంజి పెట్టి, ఇస్త్రీ చేసేవాడు. బిల్ అనే తెల్ల సైనికుడు అతనికి స్నేహితుడయ్యాడు. చెరకు కంపెనీ దొరలు మమ్మల్ని అరుగు కూడా ఎక్కనిచ్చేవారు కారు. బిల్ మాత్రం మా ఇంటికొచ్చి, నేలమీద కూచుని, నానమ్మ పెట్టిన పులిహోర చేత్తో కలుపుకుని తిన్నాడట. అదే సైన్యంలో నల్లజాతి సైనికులను వేరే పంక్తిలో కూచోబెట్టేవారని నేను పెద్దయ్యాక చదివాను. చిన్నాన్నకు తెలుసో లేదో. వెళ్ళేటప్పుడు బిల్ శాన్‌ఫ్రాన్సిస్కో ఎర్ర వంతెన బొమ్మ ఉన్న కార్డు ఇచ్చి, "మళ్ళీ వస్తా, నిన్ను తీసుకెళ్తా, అక్కడ నీకు లాండ్రీ పెట్టిద్దాం" అన్నాడట. ఆ మాట పట్టుకుని చిన్నాన్న ప్రతి ఆదివారం, తనే ఇస్త్రీ చేసుకున్న పాత సైనిక చొక్కా తొడుక్కుని, పెట్రోలు కోసం ఆగే అమెరికా విమానాన్ని చూడ్డానికి వెళ్ళేవాడు. నేనూ వెంటపడేదాన్ని. కొత్తగా వచ్చిన జెట్ విమానం దిగుతుంటే చెవులు మూసుకుని ఎగిరేదాన్ని.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒక ఆదివారం, మెట్లు దిగుతున్న ప్రయాణికుల్లో ఒక పొడుగాటి మనిషిని చూసి చిన్నాన్న "బిల్! బిల్!" అని అరుస్తూ, జనాన్ని ఆపడానికి కట్టిన తాడు కిందనుంచి దూరి పరుగెత్తాడు. వెళ్ళి అతని చెయ్యి పట్టుకున్నాడు. ఆ మనిషి ఒక్క క్షణం చిన్నాన్న ముఖంలోకి చూశాడు. తర్వాత చెయ్యి విడిపించుకుని, జేబురుమాలుతో తుడుచుకుని, లోపలికి వెళ్ళిపోయాడు. అతను బిల్ అవునో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఇద్దరు కాపలావాళ్ళు చిన్నాన్నను రెక్కలు పట్టి ఈడ్చుకొచ్చారు. చొక్కా జేబు చిరిగి వేలాడుతోంది. జనం నవ్వుతున్నారు. ఆ జనంలో, ఎవరినో సాగనంపడానికి వచ్చిన మా టీచరమ్మ కూడా నిలబడి నన్నే చూస్తోంది.

"ఈ పిచ్చివాడు నీకేమవుతాడు?" అని ఒక కాపలావాడు నన్ను అడిగాడు.

"ఎవరో నాకు తెలీదు," అన్నాను.

వాళ్ళు చిన్నాన్నను సాయంత్రందాకా కూచోబెట్టి వదిలారు. నేను రోడ్డుపక్క చెరకు నీడలో ఏడుస్తూ కూచున్నాను. అతను వచ్చి నా పక్కన చతికిలబడి, నా కాళ్ళకంటిన మట్టి తువ్వాలుతో దులిపాడు.

"మంచి పని చేసినావే గుంటా," అన్నాడు. "ఇద్దరం తలొంచుకోడం ఎందుకు?"

నా మాట అతను విన్నాడని అప్పుడు తెలిసింది. ఆ తర్వాత చిన్నాన్న ఏ ఆదివారమూ విమానాశ్రయానికి పోలేదు. విమానం మోత వినిపిస్తే లోపలికెళ్ళి గొళ్ళెం పెట్టుకునేవాడు. మా ఇంట్లో ఎవరూ కారణం అడగలేదు, నేను చెప్పలేదు. నాకు పెళ్ళయిన ఏడాదే జ్వరంతో పోయాడు. అతని మంచం పక్కన మూడు రోజులు కూచున్నాను. "తప్పయింది చిన్నాన్నా" అనబోయి, ప్రతిసారీ అతని నుదుటిమీద తడిగుడ్డ మార్చేదాన్ని.

ఇంటి చుట్టూ మేం లీజుకు సాగుచేసిన చెరకు పొలం, గడువు తీరిపోయి, ఇప్పుడు మాది కాదు. మా రేకుల ఇల్లు తుపానుకు ఎగిరిపోయింది, బడి ఉన్నచోట గోడౌన్ కట్టారట. నానమ్మ తెలుగు మాట్లాడేవాళ్ళలో మిగిలింది నేనూ, ఎడ్మంటన్‌లో ఉన్న మా అక్కా. తనకీ ఈమధ్య మతిమరుపు మొదలైంది. పోయిన నెల, కార్లో వెనక సీట్లో కూచుని బడి నుంచి వస్తుంటే, పక్కనున్న తొమ్మిదేళ్ళ నా మనవరాలికి ఈ సంగతంతా మొదటిసారి చెప్పాను. దానికి తెలుగు రాదు. చిన్నాన్న చివరికి ఏమన్నాడని అడిగింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను.

"ఓ, హీ సెడ్ గుడ్ జాబ్," అంది. వాళ్ళ బడిలో బొమ్మకు రంగు సరిగ్గా వేసినా అదే అంటారు.

కాదని చెప్పబోయాను. ఇంగ్లీషు మాట కోసం వెతుక్కుంటూ, వంగి దాని బూట్లకంటిన మట్టి నా శాలువా అంచుతో దులిపాను.